ప్రీమెచ్యూర్ అంటే ఏంటండి, సిస్టర్?

2001లో నేను రాజమండ్రిలోని ఒక పిల్లల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పసికందులను ఇంక్యుబేటర్‌లో, అంటే ఒంటికి వెచ్చదనం అందించే గాజుపెట్టెలో ఉంచి చూసుకోవడం నా పని.

ఆ వానాకాలంలో రావులపాలెం వైపు నుంచి సత్యవతి అనే అమ్మాయి వచ్చింది. తొలికాన్పు, ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల. పాప ఊపిరి బాగానే తీసుకుంటోంది, బరువే లేదు. తల్లిపాలు కావాలి. సత్యవతి మాత్రం పాలు పిండి ఇవ్వమంటే అటు తిరిగి పడుకునేది. పాపను చూద్దువుగాని రమ్మన్నా మంచం దిగేది కాదు. భర్త సూరిబాబు ఎంత బతిమాలినా అంతే.

ఒక మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్లినప్పుడు, పక్కన కూర్చుని ఏమైందని అడిగాను. ఇటు తిరిగి అడిగింది.

"మొదటిరోజు చూశానండి, పెట్టె మీద ప్రీమెచ్యూర్ అని రాశారు. నేను టెన్త్ దాకా చదివాను. మెచ్యూర్ అవడమంటే పెద్దమనిషి అవడమే కదా? పసిగుడ్డుకి ఆ మాటేంటండి? దానికి రేపు పిల్లలు పుట్టరనా? ఆయనకెలా చెప్పను?"

రోజూ నా నోట నలిగే మాటే అయినా, అసలర్థం నాకూ తెలియదు. డాక్టరుగారిని అడిగి వచ్చి చెప్పాను.

"అది లాటిన్ నుంచి వచ్చిన మాటట అమ్మా. పండడానికీ, వేళకు రావడానికీ ఆ భాషలో ఒకటే మాట. నీ పాప వేళకన్నా ముందొచ్చింది. అంతే, జబ్బు కాదు."

తేరుకుంటుందనుకున్నాను. ఇంకా డీలాపడిపోయింది.

"మా ఆయన అరటి మార్కెట్లో గెలలు దింపుతారండి. మరీ లేతగా కోసేసిన గెల పండదండి. వాడిపోద్ది."

ఇక డాక్టరుగారు చెప్పిన అర్థంతో పని లేదనిపించింది.

"కోసిన గెలకి చెట్టుండదమ్మా. నీ పిల్లకి నువ్వున్నావు" అని చెయ్యి పట్టుకుని లేపాను.

కంగారూ కేర్ మా దగ్గర అప్పుడప్పుడే మొదలైంది. బిడ్డను తల్లి గుండెల మీద, ఒళ్లూ ఒళ్లూ తగిలేలా పడుకోబెట్టడం. పాపను అలా ఆనించి పైన కొంగు కప్పాను. కాసేపటికి పాప పెదాలు చప్పరించింది.

"వెతుకుతోందండి" అంది సత్యవతి మెల్లగా. ఆ సాయంత్రం తనే పాలకి గిన్నె అడిగింది.

పాప నిదానంగా ఒళ్లు చేసింది. ఇంటికెళ్లే రోజు సూరిబాబు ఎత్తుకోవడానికి జంకుతుంటే, "మెడ కింద చెయ్యి పెట్టండి, ఏం కాదు" అని సత్యవతే నేర్పింది.

ఆ తర్వాత ఏ తల్లికి ఆ మాట చెప్పినా, అర్థం చెప్పేసి లేచి వెళ్లలేదు. "నీకేం అర్థమైందమ్మా?" అని అడిగి, జవాబు వినేదాకా అక్కడే కూర్చున్నాను.