కేక వెయ్యని మనిషి

ఓర్లీనా నేపియర్ తుపాకీ కొనడానికి వచ్చిన రోజు కొట్లో నేనూ, మా అన్న హర్షెలూ తప్ప ఎవరూ లేరు. అయినా ఆవిడ గుమ్మంలోనే ఆగి, దాణా బస్తాల వెనక్కీ గునపాల వెనక్కీ తొంగి చూసింది. ఎవరూ లేరని రూఢి అయ్యాకే లోపలికి అడుగుపెట్టింది.

మా కొట్లో కోళ్ళ దాణా, మేకులు, చేపల గాలాలు, తుపాకులు అన్నీ దొరుకుతాయి. ముప్పై ఏళ్ళుగా ఓర్లీనా అత్త ఇక్కడే కొంటుంది, ముప్పై ఏళ్ళుగా మమ్మల్ని నమ్మదు. దాణా మళ్ళీ తూయిస్తుంది. మేకులు లెక్కపెట్టుకుంటుంది. అలాగని చెడ్డ మనిషి అనుకునేరు. మా లోయలో ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు చేరేది ఆవిడ వండిన ఎండు చిక్కుళ్ళ గిన్నే. కాకపోతే ఆ గిన్నె తిరిగొచ్చేదాకా చచ్చినవాళ్ళ చుట్టాలందర్నీ దొంగల్ని చూసినట్టు చూస్తుంది.

అరవై ఎనిమిదేళ్ళు. ఐదడుగులకి అంగుళం తక్కువ. బొగ్గు గనిలో పైకప్పు కూలి మొగుడు క్లాయిడ్ పోయి పన్నెండేళ్ళయింది. అప్పట్నించీ లోయ చిట్టచివరి ఇంట్లో ఒక్కతే ఉంటోంది. మొదట్లోది మా ఇల్లు. మధ్యలో అడవే.

"తలుపేసెయ్యి," అంది నాతో. వేశాను.

"తుపాకీ కావాలి, హర్షెలూ. ముందు పిడి వెనక్కి లాగి తోసేది. చవగ్గా ఉండాలి. అలాగని చెత్త అంటగట్టావంటే ఊరుకోను."

మా అన్న ఎందుకని అడిగాడు. అడగాలి, అది మా వృత్తి. చెప్పనా వద్దా అని ఆవిడ నా మొహం కాసేపు చూసి, చివరికి చెప్పింది. వారంలో మూడుసార్లు, సరిగ్గా తెల్లారేటప్పుడు, ఎవరో వరండా ఎక్కుతున్నారు. రెండో మెట్టు కిర్రుమంటుంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగుతాయి. తలుపు కొట్టరు, పిలవరు. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వచ్చేసరికి పొగమంచు తప్ప ఏమీ ఉండదు.

"కేక వెయ్యలేదా?" అన్నాడు మా అన్న. అప్పటిదాకా నవ్వుకుంటున్న వాడి మొహం మారిపోయింది.

ఈ కెంటకీ కొండల్లో పసిపిల్లాడికి కూడా తెలుసు, ఎవరింటికి వెళ్ళినా గేటు దగ్గరే ఆగి, పేరు చెప్పి కేకెయ్యాలని. లోపల్నించి పలికితేనే వరండా ఎక్కాలి. పాస్టరు కేకేస్తాడు. కరెంటు మీటరు చూసే అబ్బాయీ కేకేస్తాడు. సొంత కొడుకైనా చీకట్లో వస్తే కేకేస్తాడు. వెయ్యకుండా ఎక్కేవాడి మనసులో మంచి ఉండదు.

ఎవరి మీద అనుమానం అని అడిగితే పెద్ద జాబితానే చెప్పింది. గ్యాసు గొట్టాలకి భూమి రాసిమ్మని తిరిగే కంపెనీవాళ్ళు. వాగు పక్కన రేకుల బండి ఇంట్లో దిగిన కొత్త కూలీలు. మత్తు మాత్రలు మింగి తూలే మనవడొకడు, మా లోయలోనే ఉండే ముసలి హాటీ మనవడు. ఆఖర్న మా అన్నని చూసి, "నువ్వు కూడా అయుండొచ్చు, తుపాకులు అమ్ముకునేవాడివి," అంది.

అనుమానం పెనుభూతం అంటారు. నిజం చెప్పొద్దూ, నాకు అనుమానం కలిగింది ఆవిడ బుర్ర మీదే. ఒంటరితనం తలకెక్కిందేమో అనుకున్నాను. ఒకవేళ నిజంగా ఎవరైనా వచ్చి, పాపం వాడు దారి తప్పినవాడో, తేనె అమ్ముకునేవాడో అయితే? ఈవిడ పేల్చే రకమే. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ కొట్లో నిలబడేదానికి బేరం చెడగొట్టే మాట పైకి రాదు.

హర్షెల్ మూడు తుపాకులు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది కొత్తది, సముద్రాల అవతల తయారైంది, చవక. "అవతలోళ్ళు మనకి మంచివి ఎందుకు పంపుతారు?" అని ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. రెండోది పన్నెండో నంబరుది, పెద్ద తూటా, గట్టి దెబ్బ. దాన్ని భుజానికి ఆనిస్తే ముందుకి వాలిపోయింది. మూడోది పాతది, ఇరవయ్యో నంబరుది, చిన్న తూటా, తేలిక. దాని చెక్కమడమ ఎవరో రెండంగుళాలు కోసేసి, చివర నల్ల రబ్బరు అంటించారు.

"మోచెయ్యి మడువు అత్తా," అన్నాడు హర్షెల్. తుపాకీ మడమని మోచేతి మడతలో ఆనించాడు. ఆవిడ వేలు చక్కగా మీట మీదికి వచ్చింది. తుపాకీ సరిపోయిందో లేదో చూసే పద్ధతి అదే. మిగతా రెండింటికీ వేలు అందనే లేదు. ఖాళీగా ఉందని చూపించి, పిడి లాగమన్నాడు. ఖర్ మంటూ వచ్చి, సగంలో ఒకసారి టిక్కున తట్టుకుని, ఆపైన ఛక్ మంది.

"ఆ టిక్కు ఏంటి?"

"పాతది కదత్తా. ఆపకుండా గట్టిగా లాగితే ఏం కాదు. పేలడంలో తేడా లేదు."

గొట్టంలోకి దీపం పెట్టి చూసింది. మరలు లెక్కపెట్టింది. పెద్ద గుళ్ళ తూటాలు వద్దు, ఇంట్లో అయితే సన్న గుళ్ళవి చాలు, మీవి పల్చటి చెక్క గోడలు అని మా అన్న చెప్తే, "నా గోడలు పల్చనో మందమో నీకెలా తెలుసు?" అంది. ఆ గోడలు వాళ్ళ నాన్నా మా నాన్నా కలిసి కట్టినవే. ఈ సంగతి ఆవిడకీ తెలుసు.

తర్వాత ఆవిడ అడిగింది, "ఇది ఎవరిది, హర్షెలూ? ముందు ఎవరి చేతిలో ఉండేది?"

మా అన్న నావైపు చూడకుండా, "పక్క కౌంటీ వాడెవడో అమ్మాడు," అన్నాడు.

అబద్ధం. అది డెల్మర్ నేపియర్ది, క్లాయిడ్ తమ్ముడిది. భార్య బతికున్నప్పుడు ఆమె కొలతకి మడమ కోసింది డెల్మరే. కానీ ఆ పేరు ఓర్లీనా ముందు ఎత్తే ధైర్యం ఈ లోయలో ఎవరికీ లేదు. గని కూలిన రోజు అన్నదమ్ములిద్దరూ ఒకే షిఫ్టులో దిగారు. తమ్ముడు బయటికొచ్చాడు, అన్న రాలేదు. రెండు రోజులు గని మూతి దగ్గర కూర్చుంది ఆవిడ. లోపల చిక్కుకున్నవాడు బతికుంటే పైకప్పు మీద పది దెబ్బలు కొడతాడు, ఆగుతాడు, మళ్ళీ పది కొడతాడు. గని మనిషికి మొదట నేర్పేది అదే. ఆ పది దెబ్బల కోసం పైవాళ్ళు యంత్రాలు పెట్టి విన్నారు, ఆవిడ నేలకి చెవి పెట్టి వింది. ఒక్కటీ వినపడలేదు. పాతిపెట్టిన రోజున డెల్మర్‌ని అందరి ముందూ నిలబెట్టి, "నా వరండా ఎక్కావంటే కాల్చేస్తాను," అంది. వాడు ఎక్కలేదు. మేము ఆ పేరు ఎత్తలేదు. గొంతులో పుండు లేచి, మొన్న చలికాలం డాక్టర్లు వాడి గొంతుపెట్టె కోసి తీసేశారని లోయంతా చెప్పుకుంది, ఒక్క ఆవిడకి తప్ప. వేటకి పోయే ఓపిక లేక వాడు తుపాకీ తెచ్చి మా బల్ల మీద పెట్టింది ఆ తర్వాతే.

ఇంత చదివాక మీకు తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు. చేతిలో దీపం పెట్టుకుని నిప్పు కోసం వెతికిన రకం నేను.

కాయితాలు నింపేటప్పుడు, ఇది మీ కోసమేనా, వేరేవాళ్ళ కోసమా అన్న ప్రశ్న దగ్గర ఆవిడ కలం ఆగింది. "ఎవడి కోసమో అది పేలినప్పుడు తెలుస్తుంది," అంది. మీ కోసమే అని రాయించాం. కొనేవాళ్ళ మీద కేసులేమైనా ఉన్నాయేమో కనుక్కోడానికి మా అన్న పై ఆఫీసుకి ఫోను చేస్తుంటే, ఎవరికి చేస్తున్నావు, నా గురించి ఏం చెప్తున్నావు అని గదమాయించింది. సరే అని అటునించి వచ్చింది.

వెళ్ళబోతుంటే హర్షెల్ జాగ్రత్తలు చెప్పాడు. "ముందే పేల్చకత్తా. పిడి లాగు, చాలు. ఆ చప్పుడు వింటే ఎంత మొనగాడైనా పారిపోతాడు."

"పారిపోకుండా నిలబడితే?"

మా అన్న గడ్డం గోక్కున్నాడు. "నిలబడ్డాడంటే వాడు నీ అంతు చూడ్డానికొచ్చినట్టే. ఇంక నీ ఇష్టం."

ఆవిడ వెళ్ళడానికి నేనే తలుపు తీసి పట్టుకున్నాను.

తొమ్మిదో రోజు జరిగింది. నేను అక్కడ లేను, ఆవిడ చెప్పినదే చెప్తున్నాను. తెల్లారకముందే లేచి, తూటాలు వేసుకుని, తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చుందట. రెండో మెట్టు కిర్రుమంది. అడుగులు వచ్చి తలుపు ముందు ఆగాయి. ఆవిడ పిడి లాగింది. ఖర్, టిక్, ఛక్. పరుగెత్తే అడుగుల కోసం చెవులు రిక్కించింది. ఎవడూ కదల్లేదు.

"ఎవరది? పేరు చెప్పు."

తలుపు అవతల ఊపిరి మాత్రం వినిపించింది, చిల్లు పడ్డ కొలిమితిత్తి లాగినట్టు. మూడు లెక్కపెడతాను అంది. ఒకటి అంది. రెండు అంది. వేలు మీట మీదికి వెళ్ళింది.

అప్పుడు వరండా స్తంభం మీద రేకుతో కొట్టిన చప్పుడు. ఠంగ్. మళ్ళీ ఠంగ్. స్తంభం విరగ్గొడుతున్నాడనుకుని తుపాకీ ఎత్తిందట. నాలుగు, ఐదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకే ఎడం. ఆరో దెబ్బకి తను లెక్కపెడుతున్నట్టు తనకే తెలిసింది. ఎనిమిదికి తుపాకీ దించింది. పది దగ్గర ఆగిపోయింది.

"క్లాయిడే వచ్చాడనుకున్నా," అంది నాతో. "పిచ్చిదాన్ని. ఒక్క క్షణం నిజంగా అలాగే అనుకున్నా."

తలుపు తీస్తే డెల్మర్. మెడకి గుడ్డ, చేతిలో క్లాయిడ్ గనిలోకి పట్టుకెళ్ళే అన్నం బకెట్టు, మూత మీద మొగుడి పేరు మేకుతో గీసి ఉంది. కొట్టీ కొట్టీ దాని అంచు వంగిపోయింది. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఏడిస్తే ఏడువు గానీ చెప్పి ఏడువు అని ఈవిడ కసిరింది. వాడు గుడ్డ తీసి మెడకున్న రంధ్రం చూపించాడు.

లోపల కూర్చోబెట్టి, దాణా సంచి చింపి, పెన్సిలు ఇచ్చిందట. ఆ కాయితం నాకు చూపించింది. వంకర అక్షరాలు. "వదినా, గేటు దగ్గర ప్రతిసారీ కేకేశాను. గొంతు రాలేదు, తలుపు కొట్టే ధైర్యమూ రాలేదు." దాని కింద, "బకెట్టు అన్నయ్యది, ఆ రోజు నా చేతిలో ఉండిపోయింది. నేను పోయేలోపు ఇవ్వాలి." అన్నిటికన్నా కింద, "నీ చేతిలోది నా తుపాకీ. టిక్కు విని గుర్తుపట్టాను. పరిగెత్తాలనిపించలేదు."

మర్నాడు పొద్దున్నే కొట్లోకి వచ్చింది. ఈసారి బస్తాల వెనక చూడలేదు. తుపాకీ బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవరిది, హర్షెలూ?"

"చెప్పాను కదత్తా, పక్క కౌంటీ..."

"ఇంకోసారి చెప్పు."

మా అన్న తల దించుకున్నాడు. "డెల్మర్ది."

"వాడి గొంతు పోయిందని నీకు తెలుసు."

"తెలుసు."

ఆవిడ నావైపు తిరిగింది. "నీకూ తెలుసు. పాస్టరుకి తెలుసు. ఆ మాత్రల వెధవకి కూడా తెలుసు. మీ మర్యాద మండ, మీరంతా కలిసి నాచేత వాణ్ణి చంపించేవాళ్ళే కదే."

"వాడి పేరెత్తొద్దని నువ్వేగా అత్తా..." అన్నాను.

"వరండా ఎక్కొద్దన్నాను. పేరెత్తొద్దని ఎప్పుడన్నాను?"

ఇద్దరం గుర్తుచేసుకున్నాం. నిజమే, అనలేదు. ఎప్పుడూ అనలేదు. మాకు మేమే అనేసుకుని, పన్నెండేళ్ళు దాన్ని చట్టంలా పాటించాం. ఆవిడేమో వాడు ఎలా ఉన్నాడని ఎవరైనా ఒక్క మాట చెప్తారేమో అని ఎదురుచూసింది. ఎవరూ చెప్పకపోయేసరికి, లోయంతా తననుంచి ఏదో దాస్తోందని అనుమానించింది. ఆ ఒక్క అనుమానం అక్షరాలా నిజం. అది విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

తుపాకీ వెనక్కి ఇచ్చేస్తావా అని హర్షెల్ నెమ్మదిగా అడిగాడు. ఎందుకిస్తాను, గ్యాసు కంపెనీవాళ్ళ సంగతి ఎవరు చూస్తారు అని ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత ఆవు మెడ గంటలు చూపించమంది. ఆవిడకి ఆవు లేదు. ఉన్న ఐదు గంటలూ బల్ల మీద పేర్చాం. తుపాకుల్ని చూసినట్టే ఒక్కోదాన్నీ ఎత్తి, లోపల నాలుక లాగి, మోగించి, ఇది బొంగురుగా ఉంది, దీనికి పగులుంది అని నాలుగింటిని పక్కన పెట్టింది. అయిదోది మోగించి, గేటు దగ్గర్నించి పడగ్గదిలోకి వినిపిస్తుందా అని అడిగింది. మా ఇంటిదాకా వినిపిస్తుందన్నాను.

"వాడిచేత పదీ కొట్టిస్తాను," అంది దాన్ని సంచిలో వేసుకుంటూ. "పది దాకా తలుపు తియ్యను. పన్నెండేళ్ళు ఊరికే పోతాయా?"

ఇప్పుడు ఆ గంట వాళ్ళ గేటుకి వేలాడుతోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక డెల్మర్ మా ఇంటి ముందునించే నడిచి వెళ్తాడు. కాసేపటికి గంట మోగుతుంది, నేను వంటింట్లో చెయ్యి ఆపి లెక్కపెడతాను. పది కొట్టాలనే మొదలుపెడతాడు పాపం. ఇంతవరకూ ఆవిడ మూడు దాటనివ్వలేదు.