బంకర్ గుమ్మం ముందు చెప్పులు

సులైలోని కంపెనీ క్యాంపు నుంచి బస్సు చీకటితోనే బయలుదేరింది. రియాద్ దాటాక ఇసుక, కంకర, మళ్ళీ ఇసుక. ఆరు కాకముందే గేటు దగ్గర దింపారు. జూలై నెల. అప్పటికే కొలిమి ముందు కూర్చున్నట్టుంది. నాకిచ్చిన సామాను: మెరిసే జాకెట్టు, టార్చి, వాకీటాకీ. తుపాకీ లేదు. పదిహేడేళ్ళు భారత సైన్యంలో రైఫిల్ మోసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. కాపలాకని పిలిచి చేతిలో టార్చి పెట్టారు.

ఊళ్ళో అందరూ "దుబాయ్ ఎట్లుండె?" అనే అడుగుతారు. మా ఆర్మూరు వైపు గల్ఫంతా దుబాయే. నేను పోయింది సౌదీకి. అక్కడ కాపలా కాసింది సౌదీవాళ్ళకు కూడా కాదు, అమెరికా సైన్యానికి. చెబితే నమ్మరు.

కువైట్ యుద్ధమని మొదట వచ్చారు. యుద్ధం అయిపోయినా కదల్లేదు. తర్వాత ఇరాక్ మీద పడ్డారు, ఆ పైన సామాను సర్దుకుని పక్క దేశానికి మారారు. ఇప్పుడు ఇరాన్ పేరు చెప్పి మళ్ళీ దిగారు. యెమెన్ మీద పడే బాంబులు వాళ్ళు అమ్మినవి. యెమెన్ వైపు నుంచి తిరిగొచ్చే క్షిపణులకు అడ్డంగా గోడలు కట్టేది మాత్రం జగిత్యాల మేస్త్రి, బంగ్లాదేశ్ కూలీ. ఎవడి తగాదా? ఎవడి నెత్తి మీదికి? నేనూ యూనిఫాం వేసినవాణ్ణే. మన సరిహద్దులో మంచులో నిలబడ్డాను. కానీ ఇంకొకడి వాకిట్లో మంచం వేసుక్కూర్చుని, ఇల్లుగలవాణ్ణి కాపాడుతున్నానని చెప్పుకోవడం ఏం సైనిక ధర్మమో నాకిప్పటికీ అర్థం కాదు. ఒళ్ళు మండుతుంది.

నా పోస్టు నాలుగో నంబరు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. ఎదురుగా కొత్త బంకర్. మూడడుగుల మందం కాంక్రీటు గోడలు, బయట ఇసుక బస్తాలు, ఇనుప తలుపు. నలభై మంది పట్టే గది. దాన్ని కట్టింది మేస్త్రి లింగన్న, అతని మనుషులు. లింగన్న సౌదీలో సగం జీవితం గడిపినవాడు. తాపీ పట్టుకుంటే నేల మీద నీళ్ళు పోసినా నిలవవు, అలా వాలు తీస్తాడు.

"నేల సూసినవా తమ్మీ? మా ఇంట్ల గూడ ఇట్ల పొయ్యలే," అన్నాడు ఒకరోజు మురిసిపోతూ.

"నీ ఇంటికి మీదికెల్లి బాంబులు రావు గదనే," అన్నాను.

పకపకా నవ్వాడు. ఆ నవ్వు వెనక దిగులుంది. మా కంపెనీలో సౌదీవాళ్ళు చాలినంతమంది లేరని నితాఖత్ కోటా లెక్కలో ఎర్ర రంగులో పడేశారు. పైగా విదేశీ పనివాడి తలకింత అని లెవీ. మా వీసాల పూచీదారు కఫీల్ అది కట్టడం మానేశాడు. దాంతో పాతవాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులు, కొత్తవి కాలేదు. ఇఖామా గడువు దాటినవాడికి అమెరికావాళ్ళు బ్యాడ్జ్ ఇవ్వరు. నేను కొత్తగా వచ్చినవాణ్ణి కనుక నాకు బ్యాడ్జ్ ఉంది. లింగన్నకూ అతని మనుషులకూ పోయింది. మరి పని ఆగిందా? ఆగలేదు. రోజూ చీటీ రాసి, వెంట మనిషినిచ్చి లోపలికి తెచ్చుకునేవారు. పనికి చీటీ చాలు. బంకర్‌లోకి దూరాలంటే బ్యాడ్జ్ కావాలి. ఇదెక్కడి న్యాయం?

లింగన్న కోరిక ఒక్కటే. కఫీల్ చేత పద్ధతిగా ఖురూజ్, అంటే దేశం విడిచే ముద్ర, కొట్టించుకుని ఇంటికి పోవాలి. అలా పోతే వేరే కంపెనీ వీసా మీద మళ్ళీ రావచ్చు. పోలీసులకు దొరికి, దేశం నుంచి వెళ్ళగొట్టే తర్హీల్ జైలు మీదుగా పోతే, వేలిముద్రలు పడి, సౌదీ తలుపు మూసుకుపోతుంది. "ఈ నెల కొట్టిపిస్త అన్నడు కఫీల్. అంతదాంక ఎవ్వని కండ్లల్ల పడొద్దు," అనేవాడు.

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని అక్కడి చట్టం. ఆ రోజు అందరూ బూట్లు విప్పేసి, రబ్బరు చెప్పులతో బస్సు నీడలో నడుం వాల్చారు. రెండు దాటింది. సైరన్ మోగింది.

అంతకుముందు మోగినవి పరీక్షలు. ఇది కాదు. దూరాన సైనికులు తమ బంకర్లలోకి పరుగెత్తుతున్నారు. నా ఎదుట బంకర్ ఖాళీ. లింగన్న ముందు, అతని వెనక మనుషులు, నేరుగా నా తలుపు దగ్గరికి వచ్చారు. వాకీటాకీ గరగరలాడింది. కంట్రోల్ రూంలో కూర్చునే హైదరాబాదీ ఆపరేటర్.

"పోస్ట్ ఫోర్, కంట్రోల్. బ్యాడ్జ్ ఉన్నోళ్లకే తలుపు తియ్. సార్జెంట్ ఆర్డర్."

"లేనోళ్లు ఏడికి పోవాలె భాయ్?"

అవతల ఎవరినో అడగడం వినబడింది. తర్వాత, "బస్సు దగ్గర నిలబడాలంట."

బస్సు! చుట్టూ అద్దాలు, కింద డీజిల్ ట్యాంకు. నా నోటికి ఏదొచ్చిందో అదన్నాను. ఇక్కడ రాయలేను. ఆపైన, "ఆవాజ్ కట్ అవుతుంది భాయ్, ఏం సమజైతలేదు," అన్నాను.

ఆపరేటర్ గొంతు తగ్గించాడు. "నాకు భీ ఏం ఇనబడ్తలేదు అన్నా. జల్దీ కానీ."

తలుపు తీశాను. తోసుకుంటూ వచ్చినవాళ్ళను లింగన్న గుమ్మంలో రెండు చేతులూ చాపి ఆపాడు. "చెప్పులిడువుండ్రి! మొన్ననే పోసిన నేల, ఆగమైతది!"

ఆకాశంలోంచి చావు వస్తోందని సైరన్ అరుస్తుంటే, వాళ్ళంతా చెప్పులు విడిచారు. లింగన్న చివరగా విడిచి, తన జతను కాలితో వరసలోకి సర్ది, లోపలికి పోయాడు. తలుపు మూసి బయట నిలబడ్డాను. చెప్పుల సంగతి నాకు తట్టనే లేదు. మన ఇళ్ళలో రోజూ చూసేదే కదా, కంటికి ఆనలేదు.

పది నిమిషాలకు అమెరికా సార్జెంట్ జీపు వచ్చింది. నా కొడుకు వయసువాడు. నన్ను "సర్" అనే పిలిచేవాడు. చెయ్యి ఊపి దాటిపోయాడు. జీపు ఆగింది. వెనక్కి వచ్చింది. వాడి చూపు గుమ్మం మీద ఉంది.

"ఇవెవరివి, సర్?"

వాడే తలుపు తీశాడు. గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని, వట్టి పాదాలతో కూర్చున్నారు అందరూ. వాళ్ళు కట్టిన గదిలో దొంగల్లా.

"పిడుగు పడ్డా బయటే ఉండాల్నా వీళ్లు?" అని తెలుగులోనే అరిచాను. హిందీలో అరిచాను. వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను: ఈ గది వీళ్ళే కట్టారు, గది ఖాళీగా ఉంది. వాడు ఓపిగ్గా విన్నాడు. "రూల్ నేను పెట్టలేదు సర్. ఇక్కడ మేమూ అతిథులమే," అన్నాడు. అతిథి! తుపాకీ వాడిది, తలుపు వాడిది, తాళం వాడిది.

ఆకాశం నుంచి ఏమీ రాలేదు. సైరన్ ఆగింది. సార్జెంట్ కబురందుకుని సౌదీ పోలీసు వ్యాను వచ్చింది. ఇఖామాలు అడిగారు. చెప్పులు తొడుక్కోనివ్వలేదు, పరుగెత్తించారు. రెండున్నర ఎండలో, కాలుతున్న కంకర మీద. లింగన్న వ్యాను మెట్టెక్కి వెనక్కి తిరిగాడు. నా వైపు కాదు, బంకర్ వైపు.

"తమ్మీ, నేల మీద మరక పడ్డదా సూడు."

తర్హీల్ మీదుగా ఇంటికి పంపేశారతన్ని. మళ్ళీ సౌదీ లేదు. నా బ్యాడ్జ్ కత్తిరించారు. బదులు మనిషి వచ్చే ఆరింటిదాకా మాత్రం అక్కడే నిలబడమన్నారు. నిలబడ్డాను. ఆ వారమే విమానం ఎక్కించారు.

ఇప్పుడు ఆర్మూరులో, ఏ ఇంటి ముందు చెప్పుల వరస చూసినా నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ సాయంత్రం కళ్ళ ముందుకొస్తుంది. గాలి లేచింది. గుమ్మం ముందు రబ్బరు చెప్పుల్లోకి ఇసుక కొద్దికొద్దిగా చేరుతోంది. తలుపు తెరిచే ఉంది. తొంగి చూశాను. నేల మీద ఒక్క మరక లేదు.