పిప్పి చూడని పూట

వీధివీధంతా ఆమెను కాంపౌండర్ పిన్ని అంటుంది. మందుల దుకాణంలో ఇరవై రెండేళ్లు సీసాలు నింపిన మనిషి. పని మానేశాక చేతులు ఊరుకోక ఇంట్లో సిరప్ కాయడం మొదలుపెట్టింది. నిమ్మగడ్డి, పుదీనా, అల్లం, పంచదార, అంతే. గొంతు బొంగురుపోయిన ప్రతివాళ్లూ ఆమె మెట్లెక్కేవాళ్లే. ఇంకొకరు గరిటె ముట్టుకుంటే మాత్రం పిన్ని ఊరుకోదు. వడకట్టిన పిప్పిని తెల్లగుడ్డ మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని, పుల్లపుల్లా ఏరి చూస్తేగానీ ఎవరికీ చుక్క కూడా పొయ్యదు.

ఆ పొద్దున కింది వాటా బస్సు డ్రైవర్ వంటింటి గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు.

"గొంతు పట్టేసింది పిన్నీ. డ్యూటీకి టైమైపోతోంది, ఒక్క గ్లాసు ఇయ్యి."

"ఆగరా, పిప్పి చూడలేదింకా."

"నీ చేతి మీద నాకు లేని అనుమానం నీకెందుకు?"

అంతటి మనిషీ ఆ ఒక్క మాటకి ఉబ్బిపోయింది. వేడి సిరప్‌లో చన్నీళ్లు కలిపి గ్లాసు నిండా ఇచ్చింది. వాడు గటగటా తాగేసి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

గిన్నెలు కడుక్కుని, తీరుబడిగా గుడ్డ ముందు కూర్చుందామె. నిమ్మగడ్డి ముక్కల మధ్య నాలుగు ముక్కలు దళసరిగా తగిలాయి. ఒకటి విప్పి చూసింది. నడుమ తెల్లటి ఈనె. గన్నేరాకు. విషం. గడ్డి ఆరబెట్టిన డాబా మీదికి వెనకింటి గన్నేరు కొమ్మ వంగి ఉంటుంది. ఆవిరికి మసకేస్తుందని కళ్లజోడు తీసేసి, గుప్పెడేసి గడ్డి పట్టుకుని కత్తెరతో కత్తిరించి గిన్నెలో పడేసింది తనే.

వాడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారి చేస్తుండగా వాడి భార్య ఏడుస్తూ పైకి వచ్చింది.

"డిపోలో వాంతులు చేసుకుని పడిపోయారట పిన్నీ! ఆసుపత్రికి తీసుకెళ్లారు. నీకు మందుల సంగతి తెలుసు, నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

ముక్కలు కొంగున ముడేసుకుని పిన్ని ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆ పిల్ల ఆమె చెయ్యి వదల్లేదు. చెప్పేద్దామని పిన్ని రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మూసుకుంది. పాపిష్టి బుద్ధి లెక్కలు వేస్తోంది. నాలుగు ముక్కలే కదా, నీళ్లు కలిపాను కదా, వాంతిలో పోయి ఉంటుంది కదా. ఇన్నేళ్ల పేరు ఒక్కమాటతో మట్టిలో కలుస్తుంది. పోలీసులొస్తే?

ఆసుపత్రిలో డాక్టర్ చిన్నవాడు, హడావిడిలో ఉన్నాడు.

"పరగడుపున ఎండలో నిలబడ్డాడట. సెలైన్ పెడతాం, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లండి."

భార్య పిన్ని భుజం మీద తల వాల్చి, "గండం గడిచింది" అంది. మంచం మీద వాడి పెదాలు పాలిపోయి ఉన్నాయి. పిన్ని వాడి మణికట్టు పట్టుకుని గోడగడియారం చూసింది. నాడి కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటోంది.

"డాక్టరుగారూ, ఎండ కాదు." ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. గట్టిగా అంది: "గన్నేరాకు. ఎనిమిదింబావుకి, గ్లాసుడు. అరగంట ఉడికింది. నేనే ఇచ్చాను." కొంగు ముడి విప్పి ముక్కలు అతని చేతిలో పెట్టింది.

డాక్టర్ నర్సుని కేకేశాడు. మంచం లోపలి గదిలోకి తోసుకుపోయారు, ఛాతీకి వైర్లు తగిలించారు. పిన్ని భుజం మీది తల ఎప్పుడో లేచిపోయింది. ఇద్దరూ ఒకే బల్లమీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. లోపల యంత్రం కూత ఆగిన ప్రతిసారీ పిన్ని లేచి నిలబడింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఎవరూ మంచినీళ్లు ముట్టలేదు.

దీపాలు పెట్టే వేళకి డాక్టర్ బయటికొచ్చాడు. "గుండె దారికొచ్చింది. మీరు చెప్పకపోతే ఇంటికి పంపేసేవాణ్ణి" అన్నాడు, పిన్ని కళ్లలోకి చూడకుండా.

డ్రైవర్ భార్య లోపలికెళ్లి చాలాసేపటికి తిరిగొచ్చింది. కళ్లు తుడుచుకుని ఎదురుగా నిలబడింది.

"మాట్లాడుతున్నారు పిన్నీ. నిన్నేమీ అనొద్దన్నారు. అనను. కానీ ఇంక మా గడప తొక్కకు."

"అలాగేనమ్మా," అంది పిన్ని. వాడు మాట్లాడుతున్నాడన్న మాట దగ్గరే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.