బెలూన్‌కు దిష్టిచుక్క

వానాకాలంలో పైగాలి ఎటు వీచాలన్నా మునీంద్ర తాత అనుమతి తీసుకోవాల్సిందే! ఏర్పేడు దగ్గరి వాతావరణ కేంద్రంలో ఆయన రోజూ చొక్కా చేతులు మడిచి బెలూన్‌లో గ్యాస్ నింపుతాడు. చంటిబిడ్డను నిమిరినట్టు నిమిరి, బుగ్గన కాటుకచుక్క పెట్టి వదులుతాడు. నైరుతి గాలికి అది తూర్పుకు పోతుంది. విమానాలు తిరిగే ఎత్తు దాటితే అక్కడి తూర్పుగాలి దాన్ని పడమటికి తిప్పుతుంది. బెలూన్ కింద వేలాడే పరికరాల డబ్బాతో ఆ గాలినే కొలుస్తారు. ఈ వారం మాత్రం రెండు బెలూన్లు తిరగకముందే పగిలాయి.

"నీ కాటుక నూనెకే రబ్బరు చెడిపోతాండాది తాతా! ఇంకోటి పగిలితే నిన్ను తోటపనికి మారుస్తారంట," అంది సైంటిస్టు జెస్సీ. ఈ రోజు తాత బెలూన్ బుగ్గన చుక్క పెట్టకుండానే, కళ్లు గట్టిగా మూసుకొని దాన్ని వదిలాడు. కంప్యూటర్ తెరమీద అది పడమటికి తిరగ్గానే అందరూ చప్పట్లు కొట్టారు.

"దిష్టి లేదూ గిష్టి లేదని ఇప్పుడన్నా నమ్మినావా?" అని వెంట వచ్చిన మనవరాలు ఎకసెక్కమాడింది.

"రబ్బరుకే గదా వద్దనిరి? కింద ఏలాడే డబ్బాకు పెట్టినాలే, పోవే!"