పది నిమిషాల మజిలీ

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, ఒమాన్ దక్షిణాన సలాలాలో ఖరీఫ్ అనే వానాకాలం వెనకబట్టిన సెప్టెంబరులో, నన్ను ఫిజీ పంపించారు. అప్పటికి నేను మస్కట్‌లో ఒక ట్రావెల్ కంపెనీలో సీనియర్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్‌ని. సలాలా పచ్చదనం సరిపోని ఒమానీ కుటుంబాలకు పసిఫిక్ దీవిని చూపించాలని కంపెనీ ఆలోచన. కొత్త యాత్ర అమ్మే ముందు ఎవరో ఒకరు వెళ్లి దారంతా కొలిచి రావాలి. ఆఫీసులో దీన్ని రెకీ అంటారు. మా ఆవిడ రికామీ తిరుగుడు అంటుంది.

రెకీకి ఒక పద్ధతి ఉంది. ప్రతి నడకనూ గడియారం పెట్టి నడిచి, అతిథుల కోసం అందులో సగం సమయం కలుపుతాం. నేను నడిచినప్పుడు ఏమీ కలపక్కర్లేదని ఆఫీసులో జోకు: నా పొట్ట ఎక్కిన కొండను ఏ అతిథైనా ఎక్కగలడు. నీడ, మరుగుదొడ్డి, బస్సు తిప్పుకునే చోటు అన్నీ రాసుకోవాలి. మజిలీలు మావి, మజా వాళ్లది.

ఫిజీలో జలపాతం దాకా కొండదారి చూపించింది నరసయ్య. డెబ్బై దాటిన మనిషి. ఆయన తాతను చెరకు తోటల్లో కూలీగా మద్రాసు నుంచి ఓడలో తెచ్చారు. బురదలో నేను రెండుసార్లు కూలబడితే, "లే బాబూ, ఈ కొండ మీద తెలుగోళ్లు పడ్డం కొత్త కాదు" అన్నాడు. దిగి వచ్చాక నన్ను రోడ్డు పక్క ఎత్తు గడ్డిలోకి తీసుకెళ్లాడు. ఒక వరసలో పేర్లు లేని రాళ్లు. తోట కూలీల సమాధులు.

మీ తాతగారిది ఏ ఊరని అడిగాను.

"విశాఖపట్నం జిల్లా. ఊరి పేరు కాగితంలోనే తడిసిపోయింది. ఇక్కడ బస్సు పది మినట్ ఆపు బాబూ, చాలు. వీళ్లలో పదకొండు పేర్లు నాకొచ్చు. ఎవరికో ఒకరికి చెప్పాలి గదా. దారి నేనే కొట్టి పెడతా."

ఆపుతామని మాటిచ్చాను. కాగితం మీద రాశాను కూడా.

మస్కట్‌లో మా మేనేజరు పెన్ను కార్యక్రమ పత్రంలో ఆ మజిలీ దగ్గర ఆగింది. "కూలీల చోటు చూడ్డానికి అంత దూరం దేనికి భాయ్? ఘాలా పోతే ఫ్రీ" అన్నాడు హిందీలో, దాన్ని కొట్టేస్తూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒమాన్ వచ్చిన కొత్తలో మూడేళ్లు ఇదే మస్కట్‌లోని ఘాలా లేబర్ క్యాంపులో, ఎనిమిది మందిమి ఒకే రూమ్‌లో ఉన్నామని అక్కడ ఎవరికీ తెలియదు. సిటీ టూర్ బస్సు ఘాలా వైపు పోకుండా దారి గీసింది నేనే. అందుకు మెచ్చుకోలు లేఖ కూడా అందుకున్నాను. మజిలీ ఉంచమని ఒక్క మాట అంటే మేనేజరు ఒప్పుకునేవాడో కాదో తెలియదు. నేను అడగలేదు.

సవరించిన కార్యక్రమంలో, తీసేసిన మజిలీని తీసేశామని రాయరు. అటూ ఇటూ వేళలు కలిపేస్తే సరి, ఖాళీ కనబడదు. అలాగే కలిపాను. బస్సు వచ్చే తేదీ నరసయ్యకు ముందే తెలుసు. ఆయన నంబరు నా ఫోన్‌లోనే ఉంది. రేపు చెబుదాంలే అనుకుంటూనే ఉన్నాను, బృందం విమానం ఎక్కేసింది.

తిరిగి వచ్చిన టూర్ లీడరు సలీం, కరీంనగర్ వాడు, రిపోర్టు ఇస్తూ చెప్పాడు: "జలపాతం దిగినంక రోడ్డు పక్కన ఓ పెద్దమనిషి తెల్లంగి ఏసుకొని నిలబడ్డడు సార్. గడ్డి కోసి బాట మంచిగ చేసి పెట్టిండు. బస్సును చూసి చెయ్యి లేపిండు. మనోళ్లు గూడ కిటికీలల్లకెల్లి చేతులూపిన్రు. హోటలుకు పది నిమిషాలు ముందే పోయినం. వంట కాలే. లాబీల కూసున్నం."

అతిథుల అభిప్రాయ పత్రాల్లో ముగ్గురు, స్థానికులు ఎంతో స్నేహంగా ఉన్నారని రాశారు. ఆ మాట బ్రోచరులో వేయమన్నాడు మేనేజరు. వేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మజిలీలు తీసేయడం ఉద్యోగంలో భాగం. తీసేసిన చోట ఎవరు నిలబడి ఉంటారో తెలిసినవాడు, ఆ కబురు తానే చెప్పాలి. ఆ పనికి కార్యక్రమ పత్రంలో గడి ఉండదు.