బయట పుట్టే నెత్తురు

రాజపాళయంలో మా అత్తగారింట్లో చూలాలికి మేక నెత్తురు వేపి పెట్టే అలవాటు ఉండేది. చూలాలంటే మనిషే కానక్కర్లేదు, వేటకుక్కకైనా అదే వేపుడు. తల్లి నెత్తురే కడుపులోకి దిగి బిడ్డ అవుతుందని వాళ్ళ నమ్మకం. నాకు అప్పటికే రెండు కడుపులు పోయాయి. "నీ నెత్తురు చాలలేదు," అని తేల్చేసింది అత్త. మూడోసారి నెల తప్పగానే రోజూ పొద్దున్నే ఆ నల్లటి ముద్ద నా ఆకులో పడేది. వాసనకే ముక్కు మూసుకునేదాన్ని. అయినా మింగేదాన్ని. ఈ బిడ్డ కూడా పోతే ఆ ఇంట్లో మొహం ఎక్కడ పెట్టుకోను?

యుద్ధం నడుస్తున్న ఆ ఏడు మా తెల్ల కుక్క కూడా చూలు కట్టింది. నేను లేస్తే లేచేది, నా పొట్ట వంకే చూస్తూ కూర్చునేది. నేను పొట్ట మీదికి కొంగు లాక్కునేదాన్ని. ఒక మధ్యాహ్నం పత్తి గోదాము వెనక పాము కరిచి చచ్చిపోయింది. మద్రాసులో డాక్టరు చదువుతూ సెలవులకు వచ్చిన మరిది వెంటనే దాని పొట్ట కోశాడు. వద్దన్నా వెళ్ళి చూశాను.

పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో పలచటి సంచి. దానికి అంటుకొని మెతుకంత పిల్ల, తెల్లగా. ఒంట్లో ఎక్కడా ఎరుపు లేదు. ఎరుపంతా సంచి మీదే, కుంకుమ చిలికినట్టు. తల్లి కళ్ళు అప్పటికే మసకబారాయి. పిల్ల గుండె మాత్రం ఇంకా అదురుతోంది.

"నెత్తురు మొదట ఒంట్లో పుట్టదు వదినా. బయట, ఈ సంచిలో పుట్టి లోపలికి పోతాది. మనుషులకూ ఇంతే."

"తల్లి ఇచ్చేది కాదా?"

"తల్లి తిండి ఇస్తాది. నెత్తురు పిల్లే చేసుకొంటాది. పెద్దయినంక ఎముకల్లో పుడతాది. ఆ నెత్తురు విత్తు అక్కడికి ఎట్ల వచ్చినదో, మా కాలేజీ వాద్యార్లే ఇంకా ఔనని కాదని సండ వేసుకొంటా ఉండారు."

చూస్తుండగానే ఆ అదురు ఆగిపోయింది. నా చేయి పొట్ట మీదికి పోయింది. లోపల ఎవరో నన్నడగకుండా, చీకట్లో, ఒంటరిగా నెత్తురు చేసుకుంటున్నారు. భయం వేసింది. తప్పు నాది కాదన్న సంతోషం ఆ తర్వాతే వచ్చింది.

వెనక్కి తిరిగితే అత్త. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నా భర్త పుట్టకముందు ముగ్గురిని కడుపులోనే పోగొట్టుకున్న మనిషి. పళ్ళెంలోకి వంగి చూసింది.

"అట్లయితే నేను ఆ బిడ్డలకు తక్కువ చేయలేదా, నాయనా?"

"లేదమ్మా," అన్నాడు మరిది.

ఆమె చచ్చిన కుక్క పక్కనే కూలబడి ఏడ్చింది.

మర్నాటి నుంచి నా ఆకులో వేపుడు పడలేదు. బిడ్డ నిలిచాడు. అత్త ఉయ్యాల పక్కన కూర్చుని వాడి గోరు నొక్కి, తెల్లబడిన చోటికి ఎరుపు తిరిగి వచ్చేదాకా చూసేది. వచ్చాక, పోయిన ముగ్గురినీ వరసగా పేరు పెట్టి పిలిచేది. వాళ్ళకు పేర్లున్నాయని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.