కుట్టిపెట్టిన రోడ్డు సైన్లు

పాతికేండ్ల సర్వీసులో పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టినవాణ్నే గానీ, నన్నెవరూ నిలబెట్టలేదు. మొన్న జమ్మలమడుగులో ఆ ముచ్చటా తీరింది. వినండి!

మా బామ్మర్ది భాస్కరు ట్రాక్టరు తోలడంలో దిట్ట. బోరు ఎండిపోయినప్పటి నుంచి కూలికి తోలుతున్నాడు. కంపెనీ ఖర్చుతోనే లారీ నేర్పించి, హెవీ లైసెన్సు ఇప్పించి, ఉద్యోగమూ ఇస్తారని ప్రొద్దుటూరు బస్టాండులో పోస్టరు చూసొచ్చాడు. వాళ్లు పెట్టిన వయసు పరిమితికి వాడికి ఇదే ఆఖరి ఏడు.

"వాన్ని నువ్వే తయారు చేయాల. ఈసారి తప్పితే ఇంగ లేదు" అంది నా భార్య సుజాత. ఆ మాటతో నాకు అన్నం సయించడం మానేసింది.

ముందు ఏ డ్రైవింగు స్కూలన్నదే చిక్కు. పులివెందులలో ఒకటి, జమ్మలమడుగు దగ్గర సిమెంటు కంపెనీది ఒకటి. రెండూ తిరిగొచ్చాం. మొదటిచోట మూడేండ్లు వాళ్ల దగ్గరే పనిచేయాలని బాండు, పైగా పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ వాళ్ల దగ్గరే ఉంచాలట. రెండోచోట ఏడాదిన్నర బాండు, సర్టిఫికెట్ చూసి ఇచ్చేస్తారు. ఆ రెండోచోటే గేటు దగ్గర టీ తాగుతున్న డ్రైవర్లను కదిపాను. "ఈడ బండి చేతికిచ్చి నేర్పిస్తారు సార్, ఊరికే పక్కన కూర్చోబెట్టరు" అన్నారు. సరే, ఇదే!

సెలక్షన్లో రోడ్డు సైన్లు అడుగుతారని తెలిసింది. నేర్పడం నా పనే కదా! పాత క్యాలెండర్ల వెనక ఇరవై నాలుగు సైన్లు స్కెచ్ పెన్నుతో గీశాను. గాలికి ఎగిరిపోతాయని, బడి అలవాటు కొద్దీ, సూదీ దారంతో పుస్తకంలా కుట్టేశాను. రోజూ పొద్దున భాస్కరు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవాడు: "ముందు బడి, ఇరుకు వంతెన, మలుపు..." ఒక్క తప్పు లేదు!

పరీక్షకు పోతూ బస్సులో ధైర్యానికని వాడికో కథ చెప్పాను. తోవ మారినా తొట్రుపడని గాడిద కథ. ఆ గాడిదకు నాలాంటి సారు లేడు కాబట్టి బతికిపోయింది.

హాల్లో ట్రైనింగు ఆఫీసరు ఎదుట భాస్కరు, తలుపు పక్కన నేను. ఆయన చేతిలో విడివిడి కార్డులు! ఒకటి తీశాడు. హారన్ బొమ్మ మీద అడ్డగీత.

"ముందు బడి" అన్నాడు భాస్కరు.

ఇంకోటి చూపించాడు. జారుడు రోడ్డు.

"ఇరుకు వంతెన!"

అయ్యో! వీడు బొమ్మ చూడ్డం లేదు, వరస చెప్తున్నాడు! నేను నేర్పింది అదే!

"నిదానంగా చూసి చెప్పప్పా" అన్నాడాయన, అదే కార్డు మళ్లీ ఎత్తి. భాస్కరు కంగారుగా కండ్లు గట్టిగా మూసుకొని, మొదటి నుంచి ఇరవై నాలుగూ గడగడా అప్పజెప్పేశాడు.

"ఏందప్పా, కండ్లు మూసుకోని లారీ తోలాలనుకుంటాండావా?"

హాలంతా నవ్వు. నేను ఆగలేకపోయాను. "ఒరే, అది పదకొండోది రా!" అని అరిచాను.

"ఎవరు సార్ మీరు?"

"టీచర్ని..."

"కొంచెం బయట నిలబడండి."

నిలబడ్డాను. సుజాత మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తితే ఏం చెప్పాలి?

కాసేపటికి అందర్నీ గ్రౌండుకు తీసుకుపోయారు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును రివర్సులో రెండు డ్రమ్ముల మధ్య పెట్టాలి. ముందుపోయిన నలుగురూ డ్రమ్ములు పడగొట్టారు. నేను కంచె పట్టుకొని చూస్తున్నాను. భాస్కరు ఎక్కాడు, వెనక్కి తిరిగాడు, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఒకే ఊపులో లోపల పెట్టేశాడు. డ్రమ్ము కదిలితే ఒట్టు!

ఆఫీసరు నా దగ్గరికే వచ్చాడు. "తీసుకుంటాండాం సార్. చెయ్యి శానా మంచిది. సైన్లు మేం మొదటి నుంచి నేర్పించుకుంటాం."

దండం పెట్టబోయాను.

"ఒకటే మాట. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఈయనకు మీరు పాఠాలు చెప్పకండి."

నేను నోరు తెరిచేలోపే భాస్కరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఊ అను. నీకు పుణ్యముంటది!"